రేనాటి కాగితాలూ, ఢిల్లీ బీరువాలూ

ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని గురించి మనకు తెలిసినదానిలో సగం రేనాటి పల్లెల్లో పాడుకొన్న పాటల వలన తెలిసింది. తక్కిన సగం ఆయనను పట్టి ఉరితీసినవారి కాగితాల వలన తెలిసింది. మొదటి సగాన్ని మనం తలకెత్తుకొంటాము, అది న్యాయమే. రెండవ సగాన్ని గురించి మాత్రం సాధారణంగా ఆలోచించము. ఆ కాగితాలు వ్రాసిన నాడు రహస్యాలు. ఎవడు ఎక్కడ దాగినాడు, ఏ ఊరివారు అన్నం పెట్టినారు, ఎవరు కబురు చేరవేసినారు అన్న సమాచారం వాటిలో ఉండేది. ఈనాడు మద్రాసు ఎగ్మూరులోని అభిలేఖాగారంలోనో, హైదరాబాదు తార్నాకలోనో, లండనులోని బ్రిటిష్ లైబ్రరీలోనో ఒక విద్యార్థి అర్జీ పెట్టుకొని కంపెనీ దొరల ఉత్తరప్రత్యుత్తరాలను చదువుకోగలడు. పరాయి ప్రభుత్వపు రహస్యాలు మనకు దొరుకుతున్నాయి. మన ప్రభుత్వపు రహస్యాలు, యాభై ఏళ్ళు గడచినవి కూడా, దొరకవు. ఈ వైపరీత్యం గురించే ఈ నాలుగు మాటలు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గూఢచారి శాఖల కాగితాలను ఒక గడువు దాటిన తరువాత, కట్టుదిట్టమైన షరతులతో, ప్రభుత్వోద్యోగులు కాని పరిశోధకులకు చూపించాలి. తలుపులు బార్లా తెరవమనడం లేదు. తాళం ఉండనీయండి, తాళంచెవి ఒకటి ఉండాలంటున్నాను. దీనికి నా వాదనలన్నీ మా నంద్యాల, ఆళ్లగడ్డల చుట్టుపక్కలనే దొరుకుతాయి.

మొదట నరసింహారెడ్డి సంగతే చూద్దాం. నొస్సం పాలెగాళ్ళ వంశానికి దౌహిత్రుడు. నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల భరణం పుచ్చుకొనే కుటుంబం. కంపెనీవారు కట్టుబడుల మాన్యాలు లాగివేసుకొంటున్న కాలంలో, 1846లో, ఆయన తిరగబడి కోయిలకుంట్ల ఖజానా మీద పడినాడు. అప్పుడు కోయిలకుంట్ల కడప జిల్లాలోనిది, కలెక్టరు కాక్రేన్. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను బహిరంగంగా ఉరితీసి, తలను కోట గుమ్మానికి వ్రేలాడదీసినారు. అది 1877 దాకా అక్కడే ఉన్నదంటారు. తిరుగుబాటును కంపెనీవారు తమ కాగితాలలో ఒక భరణగాడి అసంతృప్తిగా వ్రాసుకొన్నారు. పాటలు ఆయనను రేనాటి సూర్యుణ్ణి చేసినాయి. తంగిరాల వేంకట సుబ్బారావుగారి వంటివారు ఆ వీరగాథలను సేకరించి పరిశోధించి ఉండకపోతే ఆ పాటలు కూడా పాడేవారితోనే పోయేవి.

పాటనూ కాగితాన్నీ ఎదురెదురుగా పెట్టినప్పుడే చరిత్ర పుడుతుంది. భరణం తగ్గిన ఒక మనిషి వెనుక వందలమంది ఎందుకు నడిచినారన్న ప్రశ్నకు కాగితం ఒక్కటే చాలదు. మాన్యాలు పోగొట్టుకొన్న కట్టుబడులు, తలారుల గోడు పాటలో ఉంటుంది. ఏ మాన్యం ఎప్పుడు, ఏ ఉత్తర్వుతో పోయిందన్న సంగతికి పాట చాలదు. అది దఫ్తరంలో ఉంటుంది. ఈ రెండూ అందుబాటులో ఉన్నాయి కనుకనే 2019లో చిరంజీవిగారి సినిమా వచ్చినప్పుడు ఏది చరిత్ర, ఏది కల్పన అని వాదించుకోగలిగినాము. వాదించుకోవడానికి కాగితమంటూ ఒకటి ఉండాలి గదా!

ఇంకొంచెం వెనక్కి పోదాం. 1839లో నంద్యాల కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ రాజ్యంలోనిది. నవాబు ఆయుధాలు పోగుచేస్తున్నాడని, హైదరాబాదులో బయటపడిన వహాబీ కుట్రతో ఆయనకు సంబంధం ఉన్నదని కంపెనీకి రహస్య సమాచారం అందింది. సైన్యం వచ్చింది, కోటలో ఆయుధరాశి దొరికింది, జోరాపురం దగ్గర నవాబు పట్టుబడినాడు. తిరుచిరాపల్లికి పంపినారు; మరుసటి సంవత్సరం అక్కడ హత్యకు గురయినాడు. రాజ్యం కంపెనీ పరమయింది. ఆ సమాచారంలో నిజమెంత, రాజ్యం కాజేయడానికి సాకు ఎంత? ఈ ప్రశ్నను నేటి పరిశోధకుడు ఆనాటి నివేదికలను ముందు పెట్టుకొని అడగగలడు. ఒక రాజ్యం ఉనికిని తేల్చిన వేగు నిజమా అబద్ధమా అని 180 ఏళ్ళ తరువాతనైనా పరీక్షించే వీలున్నది. ఆ వీలు వల్ల నేటి ఏ రాజ్యానికీ ప్రమాదం రాలేదు.

జాతీయోద్యమ చరిత్ర సంగతి చెప్పనే అక్కరలేదు. రాష్ట్ర ప్రభుత్వాలు పక్షానికొకసారి ఢిల్లీకి పంపిన రహస్య నివేదికలు లేకుండా ఆ కాలపు చరిత్ర వ్రాసినవారు అరుదు. 1922 నుండి 1924 వరకు నడచిన అల్లూరి సీతారామరాజు పితూరీ చరిత్రకు పోలీసు కాగితాలే పెద్ద ఆధారం. విచిత్రమేమంటే, మన దేశభక్తుల మీద నిఘా పెట్టినవారి వ్రాతలే వారి దేశభక్తికి లిఖితసాక్ష్యాలయినాయి. సాక్ష్యం చెప్పాలని వారు వ్రాయలేదు. అందుకే ఆ సాక్ష్యానికి అంత విలువ.

1947 దాటగానే ఈ ధార తెగిపోతుంది. కాగితాలు వ్రాయడం మానలేదు, చూపడం మానినారు.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. 1993లో పార్లమెంటు పబ్లిక్ రికార్డ్స్ చట్టం చేసింది. 1997లో నియమాలు వచ్చినాయి. 25 ఏళ్ళు దాటి, నిలుపదగిన కాగితాలను జాతీయ అభిలేఖాగారానికి అప్పగించాలని వాటి సారాంశం. నియమాలకు విరుద్ధంగా కాగితాలను ధ్వంసం చేస్తే అయిదేళ్ళ దాకా జైలు శిక్ష కూడా ఉన్నది. అయితే రహస్యముద్ర పడిన కాగితం ముద్ర తొలగితే గాని కదలదు. ముద్ర వేసినవారే తొలగించాలి. ఇక 2005 నాటి సమాచార హక్కు చట్టం 24వ సెక్షను ఇంటెలిజెన్స్ బ్యూరోను, రా సంస్థను చట్టం పరిధిలోనుండే తప్పించింది. అవినీతి, మానవహక్కుల ఉల్లంఘన ఆరోపణలకు మాత్రం ఒక చిన్న కిటికీ విడిచింది. రాష్ట్రాలు కూడా తమ నిఘా సంస్థలను ఇదే విధంగా తప్పించుకోవచ్చునన్నది. ఈ మినహాయింపుకు కాలపరిమితి లేదు. నిన్నటి కాగితమూ, 1950 నాటి కాగితమూ దాని దృష్టిలో ఒకటే.

ఫలితమేమిటి? 2022 డిసెంబరులో జాతీయ అభిలేఖాగారం డైరెక్టరు జనరలే బహిరంగంగా చెప్పినారు: 1962, 1965, 1971 యుద్ధాల కాగితాలు తమ దగ్గర లేవని, హరితవిప్లవపు కాగితాలు కూడా లేవని. 151 మంత్రిత్వశాఖలు, విభాగాలు ఉండగా 36 మాత్రమే తమకు రికార్డులు పంపినాయని కూడా అన్నారు. హరితవిప్లవంలో రహస్యమేమున్నది? అంటే ఇది భద్రత సంగతి మాత్రమే కాదు, అలవాటు సంగతి. కాగితాన్ని అట్టిపెట్టుకోవడం మన కార్యాలయాలకు స్వభావమయింది. రక్షణశాఖ 2021లో యుద్ధచరిత్రల విధానం ఒకటి ప్రకటించి, సాధారణంగా 25 ఏళ్ళలో రహస్యముద్ర తొలగిస్తామన్నది. మంచిదే. 1962 యుద్ధం మీద 1963లో తయారయిన హెండర్సన్ బ్రూక్స్ నివేదికను మాత్రం ప్రభుత్వం ఇంతవరకు అధికారికంగా వెలువరించలేదు. 2014లో నెవిల్ మాక్స్‌వెల్ అనే విదేశీ పాత్రికేయుడు అందులో కొంత భాగం బయటపెట్టినప్పుడు మనం చదువుకొన్నాము. మన ఓటమి కథ మనకు పరాయివాడి చేతిమీదుగా అందింది.

తెలుగుదేశపు ఉదాహరణ ఒకటి. 1948లో హైదరాబాదు మీద సైనిక చర్య తరువాత జరిగిన హింసను విచారించడానికి నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం నివేదిక 2013 ప్రాంతంలో గాని ఢిల్లీలోని నెహ్రూ మ్యూజియంలో అందరికీ చదవడానికి దొరకలేదు. 65 ఏళ్ళ పాటు ఒకవైపు అసలు ఏమీ జరగలేదన్నవారు, ఇంకొకవైపు నోటికి వచ్చిన సంఖ్య చెప్పినవారు. 27 వేల నుండి 40 వేల మంది అని ఆ బృందమే తన అంచనా వ్రాసి పెట్టింది. ఆ అంచనాతో మీరు ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. కాని మూసిన బీరువా ఆ 65 ఏళ్ళలో ఎవరికి మేలు చేసింది? వదంతులకు మాత్రమే.

ఇప్పుడు నంద్యాలకు వస్తాను. 1991 జూన్‌లో పాములపర్తి వేంకట నరసింహారావుగారు ప్రధానమంత్రి అయ్యేనాటికి పార్లమెంటు సభ్యులు కారు. ఆ ఏడాది ఉపఎన్నికలో నంద్యాల ఆయనను 5 లక్షల 80 వేలకు పైగా ఆధిక్యంతో గెలిపించింది. మా జిల్లావాళ్ళం ఆ సంఖ్యను ఇప్పటికీ గర్వంగా చెప్పుకొంటాము. ఆయన నంద్యాల సభ్యుడుగా ఉండగానే 1992 డిసెంబరు 6న బాబరీ మసీదు కూలింది. ఆ ముందు వారాలలో ఇంటెలిజెన్స్ బ్యూరో ఆయన బల్ల మీద ఏ నివేదికలు పెట్టింది? వాటిలో ఏ హెచ్చరికలున్నాయి? ఆయన చదివి ఏమి వ్రాసినారు? ఆయన దోషిత్వమో నిర్దోషిత్వమో చాలావరకు ఈ మూడు ప్రశ్నల మీద ఆధారపడి ఉన్నది. లిబర్హాన్ కమిషన్ 17 ఏళ్ళు నడచి 2009లో నివేదిక ఇచ్చింది. ఆయన తన వాదనను పుస్తకంగా వ్రాసిపెడితే, 2004లో ఆయన పోయిన తరువాత, 2006లో అచ్చయింది. 2016లో ఆయన జీవితచరిత్ర వ్రాసిన వినయ్ సీతాపతి ఆయన సొంత కాగితాలను చూడగలిగినారు కనుకనే అంత కొత్త సమాచారం ఇవ్వగలిగినారు. కుటుంబంవారు దాచిన కాగితాలు ఒక పరిశోధకుడికి చేరినాయి. ప్రభుత్వం దాచినవి ఇంకా చేరలేదు. 25 ఏళ్ళ గడువు 2017లోనే తీరింది.

ఆ కాగితాలు పి.వి.గారిని సమర్థిస్తాయో, మరింత చిక్కులో పెడతాయో నేను ఊహించను. ఊహించడమే మనం ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని. అది చాలించి చదవడం మొదలుపెట్టాలంటున్నాను. నంద్యాల ఓటరుకు తాను గెలిపించిన మనిషి చరిత్రను వదంతుల మీద గాక, వ్రాతపూర్వకంగా తెలుసుకొనే హక్కు లేదా?

ఇతర దేశాలు ఈ పని ఏ విధంగా చేసినాయో చూస్తే మన భయాలు కొంత తగ్గుతాయి. బ్రిటను తన అంతరంగిక గూఢచారి సంస్థ ఎం.ఐ.5 శతవార్షికోత్సవానికి కేంబ్రిడ్జి చరిత్రాచార్యుడు క్రిస్టఫర్ ఆండ్రూను పిలిచి ఫైళ్ళు అప్పగించింది. 2009లో ఆయన గ్రంథం వచ్చింది. ఎం.ఐ.6 చరిత్రను కీత్ జెఫ్రీ 1949 వరకు వ్రాసినారు, 2010లో వచ్చింది. జర్మనీ గూఢచారి సంస్థ 2011లో నలుగురు చరిత్రకారుల స్వతంత్ర సంఘాన్ని నియమించి తన తొలి కాలపు కాగితాలు చూపింది. ఆ సంస్థలో మాజీ నాజీలు ఎవరెవరు చేరినారో కూడా వ్రాయనిచ్చింది. అమెరికా 1991లో చేసిన చట్టం ప్రకారం విదేశాంగ పత్రాల సంపుటాలను పర్యవేక్షించే సలహాసంఘంలో బయటి చరిత్రకారులు రహస్యానుమతి పొంది కూర్చుంటారు. ఈ దేశాలకు శత్రువులు లేరా? గూఢచారులు లేరా? ఉండీ చేసినారు.

అయితే ఆ పద్ధతిలో లోపమూ ఉన్నది. ఆండ్రూ పుస్తకంలో ఎన్నో అధస్సూచికలు ఫైలు సంఖ్య లేకుండా, సంస్థ అభిలేఖాగారంలోనిదని మాత్రం చెప్పి ఊరుకొంటాయి. ఆయన చూసినది ఇంకొకరు పోయి చూడలేరు. ఒక్కడికే తలుపు తీస్తే అతడు ఎంత నిజాయితీపరుడైనా ఆస్థానచరిత్రకారుడన్న అపవాదు తప్పదు. కనుక ఎన్నుకొన్నవారికి చూపడం మొదటి మెట్టు మాత్రమే కావాలి. వారు ఉదహరించిన ప్రతి ఫైలునూ ఒక నిర్ణీత గడువులో తక్కినవారికి కూడా చూపాలి.

ఇక నా ప్రతిపాదన. ఒకటి, 30 ఏళ్ళు దాటిన నిఘా కాగితాల జాబితానైనా ముందు ప్రకటించాలి. ఏమున్నదో తెలియకుండా ఏమడగాలో తెలియదు. రెండు, పరిశోధకులను ఎంపిక చేసేది గూఢచారి శాఖ కాదు; అభిలేఖాగారం, విశ్వవిద్యాలయాలు, ఒక విశ్రాంత న్యాయమూర్తి కలిసిన సంఘం ఎంపిక చేయాలి. మూడు, చదువుకొనేది అక్కడి గదిలోనే. ఫోను, కెమెరా లోపలికి పోకూడదు. నాలుగు, వ్రాసుకొన్న నోట్సును శాఖవారు పరీక్షించవచ్చును గాని, కొట్టివేయడానికి రెండే కారణాలుండాలి: సమాచారమిచ్చిన మనిషి గుర్తు, నేటికీ వాడుకలో ఉన్న పద్ధతి. ప్రభుత్వానికి చిన్నతనమన్నది కారణం కారాదు. అయిదు, కొట్టివేసిన ప్రతిసారీ కారణం కాగితం మీద వ్రాయాలి, దానిమీద అప్పీలుండాలి.

మనిషి గుర్తు సంగతి ఎందుకింత గట్టిగా చెబుతున్నానో మా ప్రాంతం వారికి వివరించనక్కరలేదు. జర్మనీలో 1991 చట్టం వచ్చిన తరువాత స్టాసీ ఫైళ్ళలో తమ మీద కబుర్లు చెప్పినదెవరో బాధితులు చదువుకొన్నారు; స్నేహాలు, సంసారాలు విరిగినాయి. ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్ళలో ఆ పని చేస్తే విరిగేవి స్నేహాలు మాత్రమే కావు. ఇక్కడ కక్షలు తండ్రినుండి కొడుక్కు పొలంతో పాటు సంక్రమించిన కాలం ఎంతో దూరంలో లేదు. పోలీసులకు కబురు చెప్పినవాడి మనుమడూ, ఆ కబురు వలన జైలుకు పోయినవాడి మనుమడూ ఒకే వీధిలో ఉంటారు, ఒకే తిరునాళ్ళకు అహోబిలం పోతారు. అటువంటి చోట పేరు బయటపెట్టడం చరిత్ర కాదు, హత్యాప్రేరేపణ. కనుకనే నియంత్రణ అన్న మాటను నేను మర్యాదకు వాడడం లేదు.

కాని ఇదే వాదన రెండవ వైపు కూడా కోస్తుంది. నరసింహారెడ్డిని ఎవరు పట్టించినారన్న విషయంలో జనశ్రుతి ఎన్నో కథలు చెబుతుంది. జనశ్రుతి దోషిని నిర్ణయించేటప్పుడు సాక్ష్యం అడగదు. మూసిన ఫైలు చెప్పినవాడిని కాపాడవచ్చు, చెప్పనివాడిని మాత్రం కాపాడదు. వాడిమీద పడిన నింద తరతరాలూ అట్లాగే ఉంటుంది. పేరు చెప్పకుండానే ఒక పరిశోధకుడు ఫైలు చూసి, ఫలానా నింద నిజం కాదని చెప్పగలిగితే ఎన్ని ఇళ్ళలో దీపం వెలుగుతుందో ఆలోచించండి.

భద్రత పేరుతో వచ్చే అభ్యంతరాన్ని తేలికగా త్రోసివేయను. రేపటి దాడిని ఆపే సమాచారం ఈనాడు బయటికి రాకూడదు. నల్లమలలో ప్రాణాలొడ్డి పనిచేసినవారి భద్రత కూడా భద్రతే. కాని 1965లో ఎవరో వ్రాసిన నివేదిక ఏ దాడిని ఆపుతుంది? అది ఆపేది ఒక్కటే, గుణపాఠాన్ని. తన అంచనాలు ఎక్కడ తప్పినాయో బయటివారి చేత పరీక్షించుకోని సంస్థ అదే తప్పును కొత్త సిబ్బందితో చేస్తుంది. పైగా మన నిఘా సంస్థలకు పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టమంటూ లేదు. 2011లో మనీశ్ తివారీ ప్రైవేటు బిల్లు పెట్టినా అది చట్టం కాలేదు. పార్లమెంటు పర్యవేక్షణ లేనిచోట కనీసం కాలమైనా పర్యవేక్షించాలి గదా! ఇన్నాళ్ళూ విశ్రాంత అధికారుల జ్ఞాపకాలే మనకు దిక్కు. 2005లో మలయ్ కృష్ణ ధర్ వ్రాసిన పుస్తకం వంటివి. 2021లో పింఛను నియమాలు సవరించి ఆ దారికి కూడా అనుమతుల ముళ్ళకంచె వేసినారు.

ఆలస్యానికి ఇంకొక ప్రమాదమున్నది. కంపెనీ కాగితం చెదపురుగును తట్టుకొని 180 ఏళ్ళు నిలిచింది. ఈనాటి రహస్యం హార్డుడిస్కులో ఉంటుంది. 2023 డిసెంబరులో, తెలంగాణలో ప్రభుత్వం మారిన రోజులలో, అక్కడి స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోలో హార్డుడిస్కులు ధ్వంసం చేసినారన్న ఆరోపణ మీద 2024లో కేసు పెట్టి అరెస్టులు చేసినారు. నిజానిజాలు తేల్చవలసినది న్యాయస్థానం. ఎవరు దోషులన్నది నా విషయం కాదు. ఏనాటికైనా ఎవరో వచ్చి చదువుతారన్న తలంపు లేనిచోట చెరిపివేయడానికి అడ్డేముంటుంది? పరిశోధకుడి రాక ఖాయమని తెలిసిన గుమస్తా కాగితాన్ని జాగ్రత్త చేస్తాడు. ఆ గుమస్తా పై అధికారి కూడా, రేపు ఒక మనిషి ఇది చదువుతాడన్న ఎరుకతో ఒక మాట తూచి వ్రాస్తాడు.

కేంద్రం కదిలేదాకా రాష్ట్రం ఊరకుండనక్కరలేదు. జిల్లా స్పెషల్ బ్రాంచి కాగితాలు రాష్ట్ర ప్రభుత్వానివి. 2022 ఏప్రిల్‌లో నంద్యాల కొత్త జిల్లా అయింది. దస్త్రాలు కర్నూలు నుండి పంచుకొన్న సమయంలో ఏది ఎక్కడికి పోయిందో జాబితా వేయడానికి ఇంకా ఆలస్యం కాలేదు. 1975కు ముందరి కాగితాలతో మొదలుపెట్టవచ్చు. రాయలసీమలో ఊళ్ళు ఎందుకు రెండుగా చీలినాయి, ఏ కొట్లాట నీటికోసం, ఏది పంచాయితీ పదవికోసం, ఎప్పుడు ప్రభుత్వానికి ముందే తెలిసి మిన్నకున్నది అన్న ప్రశ్నలకు ఆ దస్త్రాలలో జవాబులుంటాయి. మమ్మల్ని సినిమాలలో కత్తులు, సుమోలతో చూపించి చాలా ఏళ్ళయింది. కాగితాలు చదివి వ్రాసేవారు వస్తే, మేమెట్లా బ్రతికినామో మాకే తెలిసివస్తుంది.

ఆళ్లగడ్డ శిల్పులు విగ్రహమంతా చెక్కి చివరకు కళ్ళు తెరుస్తారు. మన స్వతంత్ర చరిత్రకు తల, మొండెం, చేతులు చెక్కుకొన్నాము. ఆ చివరి పనికి కావలసిన ఉలి బీరువాలో ఉన్నది. తీసి ఇవ్వండి; చూస్తూ నిలబడండి; పని కాగానే మళ్ళీ లెక్కపెట్టి లోపల పెట్టుకోండి. మేమడుగుతున్నది అంతే.